జామతోటలో వలగుడారం

సైకిళ్ల షాపు పై గది, దీవి
వానలు మొదలైన వారం

ప్రియమైన అత్తకు,

క్షేమంగా చేరాను. ఓడలో వాంతి చేసుకోనిది కెప్టెను ఒక్కడే. నువ్వు కట్టిచ్చిన మూట మీద పడుకుని నేను మాత్రం దారంతా దేవుళ్లందరినీ తలుచుకున్నాను.

ఉత్తరమేమిటి, ఫోను లేదా అంటావేమో. నీతో ఫోనులో మాట్లాడటం నా వల్ల కాదు. వెనక కుట్టుమిషన్లు గడగడలాడుతుంటే, "ఆఁ? ఏంటీ? వినపడట్లేదే. తిన్నావా? సరే ఉంటా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుని తీరిగ్గా తిట్టొచ్చు.

గది చిన్నది, కిటికీ పెద్దది. కింద సైకిళ్ల షాపాయన పొద్దున్నే ట్యూబుల్ని నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కడొస్తాయా అని చూస్తూ ఈల వేస్తుంటాడు. ఇంట్లో ఉంటే రబ్బరు వాసన, పనికెళ్తే పులిసిన పిండి వాసన. మా ప్రయోగశాలలో ట్రేల నిండా తవుడు, చక్కెర, ఈస్టు కలిపిన ముద్ద, అందులో తింటూ పెరిగే లక్షల పురుగులు. కడుపు నిండాక ఆ పురుగు తలా తోకా కలిపి ఉంగరంలా చుట్టుకుని, స్ప్రింగు వదిలినట్టు గాల్లోకి ఎగురుతుంది. మట్టిలో దూరి గూడు కట్టుకోవడానికి చోటు వెతుక్కుంటుందన్నమాట. మొదటిరోజే ఒకటి ఎగిరి నా టీ కప్పులో పడింది. మా డైరెక్టరమ్మ చూసి, "నీకు స్వాగతం చెప్తోంది" అంది.

"ఈగల్ని తోలడానికి అంత చదువెందుకే?" అన్నావుగా బయల్దేరేటప్పుడు. ఇవి ఇంట్లో ముసిరే ఈగలు కావు అత్తా, పండు ఈగలు. చూడటానికి సన్ననడుము కందిరీగల్లా ఉంటాయి. ఆడదానికి సూదిలాంటి తోక. దాంతో జామకాయ తోలు పొడిచి లోపల గుడ్లు పెట్టి పోతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తే లోపలంతా పురుగే. అందుకే ఈ దీవి పండ్లను బయట ఏ రేవులోనూ దిగనివ్వరు. ఇక్కడి వాళ్లు ఎంత పండించినా ఇక్కడే తినాలి, లేదా పారబొయ్యాలి.

మేం చేసేది ఇదీ: ఈగల్ని మేమే పెంచి, మగవాటికి పిల్లలు పుట్టకుండా కిరణాలు పట్టించి, తోటల్లో వదులుతాం. అడవి ఆడ ఈగ వాటితో జతకడితే గుడ్లు పెడుతుంది గానీ అవి పొదగవు. అలా కొన్ని తరాలు గడిస్తే ఈగలే ఉండవు. మందు కొట్టక్కర్లేదు. నవ్వకు, చాలాచోట్ల ఇది పనిచేసింది.

నీ
పిచ్చుక


కుట్టు షాపు
మంగళవారం

ఒసే పిచ్చుకా,

నవ్వకు అని రాస్తే నవ్వకుండా ఎలా ఉంటానే? షాపులో ఇద్దరమ్మాయిలకూ చదివి వినిపించాను. చిన్నది పొట్ట పట్టుకుని కూర్చుంది, పెద్దది కత్తిరిస్తున్న గుడ్డ వంకరపోయింది. అంటే నువ్వు అక్కడ పెళ్లికొడుకుల్ని తయారుచేసే కంపెనీలో చేరావు! లక్షల మందికి సంబంధాలు చూస్తున్నావు గానీ నీ సంగతి ఎత్తితే ముఖం అటు తిప్పుకుంటావు. సరే, అది ఇప్పుడెందుకులే.

ఒక్కటి చెప్పు. కిరణాలు పట్టిన సంగతి ఆ ఆడ ఈగకు తెలియదు కదా? పాపం కాదూ?

మూటలో దుప్పటి అడుగున నల్ల కోటు పెట్టాను, చూశావా? వాన కోటు. వేసుకోకపోతే తెలుస్తుంది నాకు. ఎలా అని అడక్కు.

అత్త


దీవి
ఎడతెగని వాన

అత్తా,

కోటు వేసుకున్నాను. అయినా నిలువునా తడిశాను, కానీ వానకి కాదు. విను.

లోయలో వరసగా తోటలున్నాయి. ఆ లోయ మొత్తంలో మా ఈగల్ని వదిలి చూడాలని పథకం. అందరూ ఒప్పుకున్నారు, నడిమధ్య తోటాయన తప్ప. ఆయనవి పెద్ద జామచెట్లు, వయసు యాభై పైబడి ఉంటుంది, ముక్కు మీద కోపం. రాలిన కాయలు ఏరడు, మా మనుషుల్ని గేటు దాటనివ్వడు. మధ్యలో ఆ ఒక్క తోట వదిలేస్తే అక్కణ్ణుంచి ఈగలు నాలుగువైపులకీ పాకుతాయి, మా కష్టం బూడిదలో పోసినట్టే.

నేను మాట్లాడి వస్తానని బయల్దేరాను. గేటు దగ్గర నిలబడి మంచిమాటగా మొదలుపెట్టాను. ఆయన చెట్లకు నీళ్లు పెడుతున్నాడు, వానలో! అదేంటని అడిగితే, "పైన ఆకులు తడుస్తున్నాయి, కింద వేర్లకి అందట్లా" అన్నాడు. తర్వాత నేను ఈగల మాట ఎత్తాను.

"ఈగలతో చస్తున్నాం బాబూ చంపండి అంటే, వ్యానులో ఇంకో లక్ష తెస్తారా?" అన్నాడు.

"అవి మగవి మాత్రమేనండీ. కుట్టవు, గుడ్లు పెట్టవు."

"నువ్వు చూశావా?"

"చూశానండీ. ఆడవాటి గూళ్లు తెల్లగా ఉంటాయి, మగవాటివి గోధుమరంగు. మిషను వేరు చేస్తుంది."

"మిషనుకేం తెలుసు!" అని పైపు నా వైపు తిప్పాడు. కావాలని తిప్పాడో, కోపంలో చెయ్యి తిరిగిందో తెలియదు. నా చేతిలోని కాగితాలన్నీ ముద్దయ్యాయి.

ఇంకో తలనొప్పి. మా దగ్గర వలగుడారాలున్నాయి. చెట్టు మొత్తాన్ని గుడారంలా కప్పి, లోపల అడవి ఈగల్నీ మా ఈగల్నీ వదిలి, ఆడ ఈగలు ఎవరివైపు మొగ్గుతాయో కూర్చుని చూడాలి. మావి ఏవో తెలియడానికి వాటి తలలకి గులాబీరంగు పొడి పూస్తాం. తీరా ఆ గుడారాలు కుట్లూడిపోయి, సందుల్లోంచి ఈగలు పోతున్నాయి. దోమతెరలు కుట్టే చేయి నీది. ఒకటి కుట్టి పంపగలవా? కొలతలు వెనకపక్క రాశాను. మనిషి నిలబడేంత ఎత్తు, పక్కన జిప్పు తలుపు.

నీ పిచ్చుక


కుట్టు షాపు
అదే వారం

పిచ్చుకా,

నా మేనకోడలి మీద నీళ్లు కొట్టాడా వాడు? వాడి తోట తగలెయ్య! ఎవడనుకున్నాడు? నేనక్కడ ఉంటే ఆ పైపు తీసుకుని వాణ్ణే తడిపేదాన్ని. తల తుడుచుకున్నావా? వేడినీళ్లు తాగావా?

గుడారం పంపుతున్నాను. పెద్దమ్మాయీ నేనూ షాపు నేలంతా పరుచుకుని కుట్టాం, వచ్చిన వాళ్లు గోడ పట్టుకుని నడిచారు. ప్రతి కుట్టూ మడిచి రెండుసార్లు వేశాను. ఈగ కాదు కదా, దాని ఊపిరి కూడా బయటికి పోదు. కింద అంచులో ఇసుక పోసుకునేలా గొట్టంలా కుట్టాను, నేలకి అతుక్కుంటుంది. అలవాటుగా మూలన షాపు పేరూ ఫోను నంబరూ ఉన్న ముక్క కూడా కుట్టేశాను. విప్పుదామనుకుని, ఉంటే ఉండనీలే అని వదిలేశాను.

వాడి జోలికి పోకు.

అత్త


దీవి
వాన తెరిపిచ్చింది

అత్తా,

నువ్వు జోలికి పోవద్దన్న మనిషే నా జోలికి వచ్చాడు.

నీ గుడారాన్ని ఆయన పక్కతోటలో ఒక చెట్టుకి కప్పాం. కంచె అవతల నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత కంచె దాటి వచ్చి, గుడారం అంచు పట్టుకుని వేలితో కుట్టు మీద అటూ ఇటూ రాశాడు.

"ఎవరు కుట్టారిది?"

"మా అత్త."

"ఈ పని తెలిసిన మనిషి" అన్నాడు. "మీ ఆఫీసు గుడారాలు చూశాను, జల్లెడల్లా ఉన్నాయి." ఇంకా అక్కడే నిలబడ్డాడు. చివరికి, "లోపలికి రావచ్చా?" అని అడిగాడు.

సాయంత్రం వెలుగు తగ్గే వేళ అత్తా, అప్పుడు చూడాలి వాటిని. మగ ఈగలు ఒక్కోటి ఒక్కో ఆకు అడుగున నిలబడతాయి. నా ఆకు నాదే అన్నట్టు పక్కవాణ్ణి తోసేస్తాయి. అలా నిలబడి రెక్కలు ఎంత జోరుగా ఆడిస్తాయంటే సన్నగా ఈలలా వినపడుతుంది. ఒంట్లోంచి వాసన వదులుతాయి, వెలుగు అడ్డంగా పడితే పొగలా కనిపిస్తుంది కూడా. ఆడ ఈగ వస్తుంది, చూస్తుంది, నచ్చకపోతే వెళ్లిపోతుంది. అంతా దాని ఇష్టమే. నువ్వడిగావుగా పాపం కాదా అని, అది ఎంచుకునే తీరు చూస్తే నీకే నవ్వొస్తుంది.

తోటాయన ఒక స్టూలు మీద కూర్చుని నోరెళ్లబెట్టాడు. "నలభై ఏళ్లుగా తోటలో ఉన్నాను, ఈ భాగోతం ఎప్పుడూ చూడలేదే!" అని నవ్వాడు. ఆయన నవ్వగలడని లోయలో ఎవరికీ తెలియదట. వెళ్తూ వెళ్తూ, "రేపు నా చెట్టుకి కట్టండి. నేను కూడా కూర్చుంటాను. నీళ్ల సంగతి మర్చిపో" అన్నాడు. ఆయన క్షమాపణ అదే అనుకుంటాను.

మిగతాదంతా మామూలే. భోజనం బాగానే ఉంది. పని కూడా జరుగుతోంది. ఆరోగ్యం జాగ్రత్త.

పిచ్చుక


కుట్టు షాపు
ఆదివారం, షాపు మూసి

పిచ్చుకా,

ఉత్తరం మొదట్లో గెంతులేశావు, చివరికొచ్చేసరికి ఊరి మనిషికి రాసినట్టు "ఆరోగ్యం జాగ్రత్త" అన్నావు. నీ ముక్కు తుడిచిన నాటి నుంచి చూస్తున్నదాన్ని. ఏదో దాస్తున్నావు. చెప్పు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. గుడారం జిప్పు వర్షానికి బిగుసుకుపోతే కొవ్వొత్తి మైనం రాయమని చెప్పాను, ఇప్పుడు సాఫీగా జారుతోందిగా? ఆయన తోటలో కాయలు కొంచెం పసుపు తిరిగాయటగా. మంచిదే.

అత్త


దీవి
జామకాయలు పండుతున్న రోజులు

అత్తా,

సరే, చెప్తాను. గుడారంలో మా ఈగలు ఓడిపోయాయి. ఘోరంగా. గులాబీరంగు తల ఉన్న మగ ఈగ ఎంత రెక్కలు ఆడించినా ఆడ ఈగలు దాన్ని దాటుకుని అడవివాడి ఆకు మీదికే పోయాయి. ట్రేలో, దీపాల కింద, తరతరాలుగా పెరిగిన బద్ధకస్తులు మావి. డైరెక్టరమ్మ పిలిచి తలుపు వేసి చెప్పింది: ఈ ఒక్క పంటలో ఫలితం రాకపోతే పథకం మూసేస్తారు, నా ఉద్యోగమూ అంతే. నిన్ను కంగారుపెట్టడం ఎందుకని రాయలేదు. పెట్టె సర్దుకుందామని దుప్పటి కూడా మడతపెట్టాను.

మడిచిన దుప్పటి మీదే కూర్చుని ఒకటే ఆలోచించాను. మేం సాయంత్రాలే చూస్తున్నాం, ఎందుకంటే జతకట్టేది అప్పుడే. మరి పగలంతా అవి ఏం చేస్తున్నాయి? మర్నాడు పొద్దుటి నుంచి గుడారంలో కూర్చున్నాను. తోటాయన చెట్టు మొదట్లో ఒక మొక్క ఉంది, లేతపసుపు పూలు, లవంగం లాంటి వాసన. పొద్దెక్కగానే అడవి మగ ఈగలు ఒక్కొక్కటే దిగి ఆ పూలను నాకడం మొదలుపెట్టాయి. ఎంత ఆబగా అంటే గడ్డిపోచతో కదిపినా కదల్లేదు. రోజులకొద్దీ చూశాను. పూలు నాకిన వాడి ఆకు దగ్గరే ఆడ ఈగల రద్దీ. ఆ వాసనను ఒంట్లో దాచుకుని సాయంత్రం వదులుతున్నాడన్నమాట! పుస్తకాల్లో వెతికితే అలాంటిదే వేరే జాతిలో చూసినవాళ్లున్నారు. మా వాళ్లకు మాత్రం పుట్టాక చక్కెరనీళ్లే పెడుతున్నాం, పువ్వు మొహం చూపించనే లేదు.

డైరెక్టరమ్మ ముందు ససేమిరా అంది. గుడారంలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. బయటికి వచ్చి, "ట్రేలకి ఆ పూల నూనె వాసన పట్టించు, ఈస్టు కూడా పెట్టు" అంది. అంతే అత్తా! తర్వాత వారం గులాబీ తలలవాళ్లు అడవివాళ్లతో సమానంగా నిలబడ్డారు. కొన్ని సాయంత్రాలు మించిపోయారు కూడా. ఇప్పుడు లోయంతా వదులుతున్నాం. తోటాయన వ్యాను ముందు సీట్లో కూర్చుని ఎక్కడ వదలాలో మా డ్రైవరుకే చెప్తున్నాడు. రాలిన కాయలు ఏరని వాళ్ల ఇళ్లకి వెళ్లి మరీ తిడుతున్నాడు.

నా సంగతి అయింది. ఇప్పుడు నీ సంగతి.

నిన్న తోటాయన కాయలు తూస్తూ, "మీ అత్తగారి కాలు బెణుకు తగ్గిందట, ఇవాళ షాపుకి నడిచే వెళ్లారు" అన్నాడు. నేను నిలువుగుడ్లేశాను. ఏ కాలు? ఎప్పుడు బెణికింది? ఆయన నీళ్లు నమిలి, తక్కెట్లో ఉన్న కాయల్నే మళ్లీ మళ్లీ తూశాడు. సాయంత్రాలు మా ఆఫీసు నుంచి ఎప్పుడు ఫోను చేసినా ఆయన లైను ఖాళీ ఉండదు. నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. మొదట "వాడు". తర్వాత "ఆయన". జిప్పు బిగుసుకుందని నేను నీకు రాయనే లేదు. మైనం సంగతి ఎవరికి చెప్పావు?

నాతో మాట్లాడటానికి నీకు ఫోను వినపడదు కదూ?

పిచ్చుక


కుట్టు షాపు
శుక్రవారం

పిచ్చుకా,

ఉత్తరం చదివి చెవులు వేడెక్కాయి. అమ్మాయిలు "ఏమైందమ్మా" అంటే జ్వరమన్నాను.

మొదట జిప్పు గురించే చేశాడు. చేశారు. "మీ జిప్పు పనికిరాదు" అన్నారు. "మీ చెయ్యి పనికిరాదేమో" అన్నాను. మర్నాడు మైనం పనిచేసిందని చెప్పడానికి చేశారు. ఆ మర్నాడు నువ్వు గుడారంలో తినకుండా కూర్చుంటున్నావని చెప్పడానికి. నీకు పళ్లెం తెచ్చి పెట్టమన్నాను. పెట్టారటగా? తర్వాత చెప్పడానికేమీ లేకపోయినా చేస్తూనే ఉన్నారు. మిషన్లు ఆపించి మాట్లాడేదాన్ని. అందుకే వినపడింది.

భార్య పోయి చాలా ఏళ్లయిందట, పిల్లల్లేరు. కోపం ఎక్కువని ఆయనే ముందు చెప్పారు. నేనూ తక్కువ తినలేదని చెప్పాను.

పోయినవారం ఏమన్నారంటే, "గుడారం ఒక మూల చిరిగింది, వచ్చి కుడతారా?" అని.

"పార్సిల్లో పంపండి" అన్నాను.

"పార్సిల్లో పట్టదు."

"నేను కుట్టినప్పుడు పట్టిందే!"

తర్వాత, "నేనడిగేది గుడారం గురించి కాదండీ" అన్నారు. ఫోను పెట్టేశాను. అప్పట్నుంచి మోగుతుంటే అమ్మాయిల చేత లేనని చెప్పిస్తున్నాను.

నాకు యాభై దాటాయే. మా నాన్న మంచాన పడ్డప్పుడు వచ్చిన సంబంధాలు వెనక్కి పోయాయి. ఆయన పోయేసరికి మీ అమ్మా నాన్నా పోయారు, నువ్వు మిగిలావు. నువ్వు నాకు ఒక్కరోజు కూడా బరువనిపించలేదు, అది రాసి పెట్టుకో. ఊళ్లో అందరి పెళ్లిబట్టలూ నా మిషను మీదే కుట్టాను. నాకు లోటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు సాయంత్రమైతే ఫోను వంక చూస్తున్నాను. సిగ్గుగా ఉంది. నలుగురూ నవ్వుతారు. అంతకంటే, నువ్వేమనుకుంటావోనని భయం. అందుకే దాచాను.

నీకు తప్పనిపిస్తే చెప్పు. ఒక్క మాట చెబితే ఇక్కడితో ఆపేస్తాను.

అత్త


దీవి
కోతల వారం

నా పిచ్చి అత్తా,

నువ్వు ఫోను తియ్యకపోవడంతో ఆయన మళ్లీ వానలో చెట్లకు నీళ్లు పెడుతున్నాడు. లోయంతా బిక్కచచ్చి తిరుగుతోంది. దయచేసి ఫోను తియ్యి.

నన్నడుగుతావేమిటి? నా జడలు వేసినదానివి, జ్వరాలు కాచినదానివి, నా ఫీజులకి వేళ్లు సూదిపోట్లు చేసుకున్నదానివి. నువ్వు మిషను ఆపి ఒక మనిషి మాట విన్నావంటే నాకు ఎంత సంతోషమో ఎలా రాయను? రాస్తుంటే కాగితం తడుస్తోంది, ఈసారి పైపు వల్ల కాదు.

అయితే గుడ్డిగా ఒప్పుకోకు. వచ్చి చూడు. ఆయన కోపం చూడు, ఇల్లు చూడు, ఓడలో కడుపు పట్టుకునైనా రా. నచ్చకపోతే నా గదిలో పది రోజులుండి పోదువుగాని. ఎంచుకునేది నువ్వే.

నిన్న రేవు అధికారులు వచ్చారు. లోయలో ప్రతి తోట నుంచీ బుట్టలు తెప్పించి, పొడవాటి బల్లల మీద జామకాయలు కోయించారు. జనం బల్లల చుట్టూ మూగారు. కత్తులు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తెల్లటి కండ, గింజలు, మళ్లీ తెల్లటి కండ. పై గట్టు తోట కాయల్లో రెండుచోట్ల పురుగు కనిపించింది. ఇక మా పని అయిపోయిందనుకున్నాను. అధికారి మాత్రం, "పోయినేడు బుట్టకు సగం పారబోశాం, ఇది నమ్మలేకపోతున్నాను" అన్నాడు. వచ్చే పంట కూడా ఇలాగే ఉంటే ఓడ ఎక్కనిస్తారట. పథకం మూయరు. డైరెక్టరమ్మ నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఆవిడ జేబులో ఈగ గూళ్ల డబ్బా ఉందని ఇద్దరం మర్చిపోయాం.

తోటాయన తన బుట్టలోంచి ఒక కాయ తీసి, సగం కోసి నాకిచ్చి, సగం తిన్నాడు. నమిలి నమిలి, "మీ అత్త ఓడ ఎప్పుడుంది?" అన్నాడు.

పిచ్చుక


జామతోట, లోయ, దీవి
ఎండ కాస్తోంది

ఒసే పిచ్చుకా,

కొత్త దీవిలో చోటు కుదిరిందా? ఒకచోట గెలిచారని ఇంకోచోటికి తోలేస్తారా మీ వాళ్లు? నేనిలా వచ్చి సర్దుకున్నానో లేదో నువ్వలా ఓడెక్కావు. అక్కడి ఈగలు ఇక్కడివాటికి దూరపు చుట్టాలని రాశావు. మర్యాదగా ఉండమని చెప్పు.

నువ్వు వెళ్లిన మర్నాడే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాం. నువ్వుండగా జరగలేదని ఏడ్చాను గానీ, ఆ రిజిస్ట్రారు సెలవు మీద పోయి అప్పుడే తిరిగొస్తే ఏం చేస్తాం? బల్ల దగ్గర గుమాస్తా మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "పెళ్లికూతురు వచ్చిందా?" అని అడిగాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, "వచ్చింది, కూర్చుంది, సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి" అన్నాను. మీ తోటాయనకి నవ్వాగక బయటికెళ్లి దగ్గొచ్చినట్టు నటించారు. సాక్షి సంతకాలు మీ డైరెక్టరమ్మా, సైకిళ్లాయనా పెట్టారు. నలుగురూ నవ్వుతారని భయపడ్డానుగా, నవ్వారే, కానీ మాతో కలిసి నవ్వారు.

షాపు పెద్దమ్మాయికి అప్పగించాను. నా మిషను మాత్రం వెంట తెచ్చుకున్నాను. వరండాలో వేశారు, వెలుగు బాగా పడుతుంది. మీ ఆఫీసువాళ్లు గుడారాలు ఇంకా కావాలంటున్నారు. నిన్న ఒకదాని మీద గొడవపడ్డాం. తలుపు ఎడమవైపు ఉండాలని ఆయన, కుడివైపని నేను. పొద్దంతా మాటల్లేవు. సాయంత్రం గుడారంలో రెండు స్టూళ్లు వేసి, "కుడివైపే బాగుంది" అన్నారు. పక్కన కూర్చున్నాను. ఆకుల కింద సన్నగా ఈల మొదలైంది. చాలాసేపు లేవబుద్ధి కాలేదే.

అన్నం వేళకి తిను. పండగదాకా ఆగకుండా నువ్వు రా, సెలవు దొరికితే చాలు.

ఇదిగో, తనూ రాస్తానని కలం లాక్కుంటున్నారు. ఆయన రాత కోడి గెలికినట్టుంటుంది, ఓపిగ్గా చదువు.

అత్త

పిచ్చుకా, ఈ వారం రాలిన కాయలన్నీ కోశాను. ఒక్క పురుగు లేదు. మీ అత్త నమ్మకుండా మళ్లీ అన్నీ కోసి చూసింది. ఇప్పుడు ఇంట్లో ఎక్కడ చూసినా జామముక్కలే. నువ్వొస్తే తప్ప అయిపోవు. త్వరగా రా.

— మావయ్య